దొడ్డితలుపు ఎక్కడుంది?

జిరాక్స్ షాపుకి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి ప్రింట్లు తీయించుకున్నవాళ్లలో షార్ట్‌కట్ వైరస్ తగలనివాళ్లు అరుదు. ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. కాకపోతే ఒక్కోదాని మూలన చిన్న వంపు బాణం. డబుల్ క్లిక్ చేస్తే ఫోల్డర్ తెరుచుకుంటుంది, లోపలి ఫైళ్లూ భద్రంగానే ఉంటాయి. ఏదో తేడాగా ఉందని షాపుకి తీసుకెళ్తే, అక్కడి కుర్రాడు నల్లటి కమాండ్ విండో తెరిచి ‘అట్రిబ్’తో మొదలయ్యే వరసొకటి టకటకా కొడతాడు. దాక్కున్న అసలు ఫోల్డర్లు బయటపడతాయి. బాణం గుర్తువన్నీ డిలీట్ చేసి, ‘పోయిందన్నా వైరస్’ అని పెన్‌డ్రైవ్ చేతిలో పెడతాడు.

పోయింది పెన్‌డ్రైవ్‌లోంచి మాత్రమే. ఆ బాణం గుర్తు ఫోల్డర్‌ని తెరవకుండా రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ అనే గడి చూస్తే విషయం తెలుస్తుంది. విండోస్ కమాండ్ ప్రోగ్రాంని పిలువు. పెన్‌డ్రైవ్‌లోనే కనపడకుండా పడి ఉన్న వీబీఎస్ స్క్రిప్టుని నడుపు. తర్వాత అసలు ఫోల్డర్ తెరువు. కమాండ్ విండో మూసెయ్. ఇన్ని పనులు ఒక్క వరసలో ఉంటాయి. అసలు ఫోల్డర్ తెరవడం ఎందుకంటే, మనకి అనుమానం రాకుండా. అడిగింది దొరికాక ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఈలోగా స్క్రిప్టు తన నకలుని కంప్యూటర్లోకి చేర్చేసి ఉంటుంది.

2013 ప్రాంతంలో ఇలాంటివి బాగా తిరిగాయి. వాటిలో హెచ్-వార్మ్ అనేది ఒకటి. రాసినవాడు పెట్టుకున్న మారుపేరు హుడినీ. దాని కోడ్ విప్పి చదివినవాళ్లకి, ఫోల్డర్లు దాచి షార్ట్‌కట్లు పెట్టే భాగం చిన్నదని, అది కేవలం ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకడానికేనని అర్థమైంది. అసలు పని వేరే. కొన్ని సెకన్లకోసారి అది ఎక్కడో ఉన్న సర్వర్‌కి కబురు పంపుతుంది. ఆ కబురు వెళ్లే చిరునామా చివర ‘ఇజ్-రెడీ’ అని ఉంటుంది. కబురులో మన కంప్యూటర్ పేరు, యూజర్ పేరు, విండోస్ వెర్షన్, యాంటీవైరస్ పేరు కూడా వెళ్తాయి. అవతలి నుంచి పని అప్పగించవచ్చు: ఫలానా ఫైలు పంపు, ఈ ప్రోగ్రాం దింపుకుని నడుపు, ఇప్పుడు ఏమేం నడుస్తున్నాయో చెప్పు, నిన్ను నువ్వే చెరిపేసుకో. మనం చిరాకు పడి, విసుక్కుని, అట్రిబ్ కొట్టి మరిచిపోయింది నిజానికి నిఖార్సైన బ్యాక్‌డోర్, అంటే దొడ్డితలుపు.

బ్యాక్‌డోర్ వల్ల పైకి ఏ హడావుడీ ఉండదు. రాన్సమ్‌వేర్ తెరమీదికొచ్చి బెదిరిస్తుంది, యాడ్‌వేర్ ప్రకటనలతో ప్రాణం తీస్తుంది. బ్యాక్‌డోర్ మాత్రం ఏమీ జరగనట్టు ఉండి, ఎక్కడో కూర్చున్న మనిషికి మన కంప్యూటర్‌ని అప్పగిస్తుంది. ఆ మనిషికి మన కంప్యూటర్ సుబ్బరంగా పనిచేయడమే కావాలి. అందుకే ‘సిస్టం స్లో అయింది, ఎవరో హ్యాక్ చేశారు’ అనే ఫిర్యాదుని నేను అంతగా పట్టించుకోను. స్లో అవడానికి నిండిపోయిన డిస్కు చాలు, ముప్ఫై ట్యాబులు తెరిచిన బ్రౌజర్ చాలు. లక్షణాల జాబితా పట్టుకుని వెతికితే బ్యాక్‌డోర్ దొరకదు. దాని అవసరాలు పట్టుకుని వెతకాలి. ఎంత తెలివిగా రాసినదైనా రెండు పనులు చేయక తప్పదు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసినప్పుడల్లా తానూ లేవాలి. యజమానితో మాట్లాడాలి. ఈ రెండూ చేసేటప్పుడే దాని జాడ తెలుస్తుంది.

ముందు మాట్లాడే సంగతి చూద్దాం. 1998 ఆగస్టులో అమెరికాలోని లాస్ వేగస్‌లో జరిగిన డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సభలో ‘కల్ట్ ఆఫ్ ది డెడ్ కౌ’ అనే బృందం బ్యాక్ ఒరిఫిస్ అనే ప్రోగ్రాంని విడుదల చేసింది. మైక్రోసాఫ్ట్ వాళ్ల బ్యాక్‌ఆఫీస్ పేరుకి వెక్కిరింపు అది. విండోస్ 95, 98ల భద్రత ఎంత డొల్లో చూపించడమే తమ ఉద్దేశమని చెప్పుకున్నారు. అది కంప్యూటర్లో చేరి 31337 అనే పోర్టులో చెవి ఒగ్గి కూర్చునేది. ఆ సంఖ్య హ్యాకర్ల సంకేతభాషలో ‘ఎలీట్’ అన్నమాట. అప్పట్లో మోడెంతో డయల్ చేసి ఇంటర్నెట్‌కి వెళ్లిన కంప్యూటర్‌కి సొంత బహిరంగ చిరునామా ఉండేది కాబట్టి, బయటివాడు నేరుగా ఆ పోర్టు తలుపు తట్టగలిగేవాడు. తెరిచి ఉన్న పోర్టులు చూసుకుంటే దొంగ దొరికేవాడు.

ఇప్పుడు ఇంట్లో వైఫై రూటర్ అడ్డం ఉంటుంది. అది అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌లాంటిది. పిలవకుండా బయటి నుంచి వచ్చినవాణ్ని గేటు దగ్గరే ఆపుతుంది గానీ, లోపలి నుంచి బయటికి వెళ్లేవాణ్ని ఎక్కడికని అడగదు. ఆ సంగతి కనిపెట్టి బ్యాక్‌డోర్లు పద్ధతి మార్చుకున్నాయి. చెవి ఒగ్గి కూర్చోవడం మానేసి, తామే బయటికి ఫోన్ చేస్తున్నాయి. ఎక్కువగా 443 పోర్టు మీదుగా వెళ్తాయి. బ్యాంకు సైటుకి, యూట్యూబ్‌కి మనం వెళ్లేదీ అదే దారి. ‘నా రూటర్లో ఫైర్‌వాల్ ఉంది కదా’ అనే ధీమా వీటి దగ్గర పనికిరాదు.

అయినా చూడవచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘నెట్‌స్టాట్’ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి ఏ, ఎన్, ఓ అక్షరాలు కలిపి కొడితే, ఈ క్షణాన కంప్యూటర్ ఎవరెవరితో మాట్లాడుతోందో వరసగా వస్తుంది. చివరి నిలువు వరసలో ఉండే అంకె, ఆ మాట్లాడుతున్న ప్రాసెస్ నంబరు. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్ తెరిచి అదే నంబరు వెతికితే పేరు దొరుకుతుంది. మొదటిసారి చూసినవాళ్లకి గుండె గుభేల్మంటుంది, అన్ని వరసలుంటాయి. కంగారు పడక్కర్లేదు, అందులో చాలావరకు బ్రౌజరువి, విండోస్ అప్‌డేటువి, వన్‌డ్రైవ్‌వి. ముందు బ్రౌజర్లన్నీ మూసేసి, పది నిమిషాలాగి, మళ్లీ చూడాలి. అప్పుడు మిగిలేవాటిలో నాకు అనుమానం కలిగించేవి రెండు రకాలు. నెట్‌తో పనిలేని ప్రోగ్రాం బయటికి మాట్లాడుతుండటం ఒకటి. ‘సిన్-సెంట్’ అనే స్థితిలో ఒకే చిరునామాకి అదే పనిగా ప్రయత్నిస్తూ ఉండిపోయిన వరస ఇంకోటి. యజమాని సర్వర్ మూతపడినా తెలియక పిలుస్తూనే ఉన్న అనాథ బ్యాక్‌డోర్ అది కావచ్చు. నల్ల విండో ఇష్టంలేనివాళ్లకి మైక్రోసాఫ్టే ఉచితంగా ఇచ్చే టీసీపీ-వ్యూ ఉంది. కనెక్షన్లు పుడుతుంటే, పోతుంటే రంగుల్లో చూపిస్తుంది.

ఇక మళ్లీ లేవడం సంగతి. విండోస్ మొదలయ్యేటప్పుడు తనంతట తాను నడిపే ప్రోగ్రాముల చిట్టా ఒకచోట ఉండదు. స్టార్టప్ ఫోల్డర్, రిజిస్ట్రీలోని ‘రన్’ కీలు, సర్వీసులు, డ్రైవర్లు, టాస్క్ షెడ్యూలర్... ఇంకా జనం పేరు కూడా వినని మూలలు డజన్ల కొద్దీ ఉన్నాయి. టాస్క్ మేనేజర్ చూపించే స్టార్టప్ జాబితా వీటిలో కొద్దిపాటివే చూపిస్తుంది. అన్నిటినీ ఒకేచోట పరిచేది ఆటోరన్స్. మార్క్ రసినోవిచ్ అనే ఇంజినీరు సిస్‌ఇంటర్నల్స్ పేరుతో చేసిన పనిముట్లలో ఇదొకటి; 2006లో ఆ సంస్థని మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. దాన్ని నడిపితే వందల వరసలొస్తాయి. మైక్రోసాఫ్ట్ సొంతవాటిని దాచేయమనే ఆప్షన్ పెట్టుకుంటే జాబితా చిన్నదవుతుంది. గులాబీ రంగులో కనిపించేవి, ఎవరు తయారుచేశారో సంతకం లేనివి. అనుమానం వచ్చిన దాని పక్కన టిక్కు తీసేసి చూడాలి తప్ప వెంటనే డిలీట్ కొట్టకూడదు. తప్పయితే టిక్కు మళ్లీ పెట్టుకోవచ్చు.

పేరు చూసి నమ్మడం పెద్ద పొరపాటు. ఎస్‌వీసీహోస్ట్ అనే ప్రాసెస్ ప్రతి విండోస్‌లోనూ పదుల సంఖ్యలో నడుస్తుంది, అది సహజం. దాని మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ అంటే సిస్టం32 ఫోల్డర్ తెరుచుకోవాలి. యాప్‌డేటాలోకో టెంప్‌లోకో తీసుకెళ్లిందంటే అది వేషం. వీ, సీ అక్షరాలు అటూఇటూ మార్చిన పేర్లూ ఉంటాయి, తొందరలో కన్ను పట్టదు. హెచ్-వార్మ్‌ది ఇంకో ఎత్తు. అక్కడ నడిచే ప్రోగ్రాం డబ్ల్యూస్క్రిప్ట్. అది అచ్చంగా మైక్రోసాఫ్ట్‌దే, సిస్టం32లోనే ఉంటుంది, సంతకమూ అసలుదే. దొంగపని చేసేది దానికి చదవమని ఇచ్చిన స్క్రిప్టు. కాబట్టి ప్రోగ్రాం ఏదో చూస్తే చాలదు, దాన్ని ఏ ఆజ్ఞతో నడిపారో, అంటే కమాండ్ లైన్ మొత్తం, చూడాలి. టాస్క్ మేనేజర్‌లోనే ఆ నిలువు వరసని తెచ్చుకోవచ్చు. దీన్ని తీసేయడంలో వరస కూడా ముఖ్యమే. ముందు నెట్ తీసేయాలి, తర్వాత డబ్ల్యూస్క్రిప్ట్‌ని ఆపాలి, అప్పుడు రన్ కీలో దాని వరస, స్టార్టప్ నకలు, అసలు స్క్రిప్టు చెరపాలి. స్క్రిప్టు నడుస్తుండగానే స్టార్టప్‌లోది చెరిపితే కొన్ని సెకన్లలో అక్కడే మళ్లీ ప్రత్యక్షమవుతుంది. కబురు పంపిన ప్రతిసారీ తన నకళ్లు ఉన్నాయో లేదో అది సరిచూసుకుంటుంది మరి.

ఇంతవరకూ ఒక నమ్మకం మీద నడిచాం: మనం అడిగితే విండోస్ నిజం చెబుతుందని. ఆ నమ్మకాన్ని రసినోవిచ్ చేతిలోనే పగలగొట్టిన కథ ఒకటుంది.

2005లో ఆయన రూట్‌కిట్ రివీలర్ అనే పనిముట్టుని తన కంప్యూటర్ మీదే పరీక్షిస్తున్నాడు. దాని ఆలోచన తేలికైనది, అందమైనది. డిస్కులో ఏ ఫైళ్లున్నాయో విండోస్‌ని అడుగు. తర్వాత విండోస్‌ని పక్కనపెట్టి డిస్కు మీద రాసి ఉన్న పట్టికని నేరుగా చదువు. రెండో జాబితాలో ఉండి మొదటిదాంట్లో లేనిదేదో, దాన్ని ఎవరో దాస్తున్నారు. ఆ పోలికలో ఆయనకి దాచిన ఫోల్డరు, దాచిన డ్రైవర్లు బయటపడ్డాయి. అంత జాగ్రత్తగా ఉండే మనిషి కంప్యూటర్లో! తవ్వుకుంటూ పోతే, ఒక డ్రైవర్ విండోస్ గుండెకాయలో చేరి, డాలర్ గుర్తు, ఎస్‌వైఎస్, మళ్లీ డాలర్ గుర్తు అనే అక్షరాలతో పేరు మొదలైన దేన్నయినా కనపడనివ్వడం లేదని తేలింది. సరిచూసుకోవడానికి ఆయన నోట్‌ప్యాడ్ ప్రోగ్రాంకి ఒక నకలు తీసి, ఆ అక్షరాలు ముందు తగిలించి పేరు మార్చాడు. కళ్లముందే మాయమైంది.

ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతికితే ఆయన డబ్బులు పెట్టి కొన్న పాటల సీడీ తేలింది. వాన్ జాంట్ సోదరుల ఆల్బం అది. సోనీ బీఎంజీ సంస్థ తన సీడీలని కాపీ చేయకుండా ఆపడానికి, పాటల ప్లేయర్‌తో పాటు ఈ దాచే సరంజామాని కూడా కంప్యూటర్లలోకి ఎక్కిస్తోంది. తీసేయబోతే రెండో ఎదురుదెబ్బ: డ్రైవర్లు చెరిపి రీస్టార్ట్ చేయగానే ఎక్స్‌ప్లోరర్‌లో సీడీ డ్రైవే లేకుండా పోయింది. సీడీ డ్రైవ్‌కీ విండోస్‌కీ మధ్య ఆ సాఫ్ట్‌వేర్ తనని తాను లంకెగా పెట్టుకుంది. మధ్య లంకె తెగేసరికి దారే తెగింది. రిజిస్ట్రీలోకి వెళ్లి ఆ లంకెల పేర్లు చేత్తో తీసేస్తే గానీ డ్రైవ్ తిరిగి రాలేదు. అక్టోబర్ 31న ఆయన ఇదంతా రాసి బయటపెట్టాడు. పది రోజులు తిరిగేసరికి, అవే డాలర్ గుర్తుల పేరు పెట్టుకుని సోనీ తెర వెనక దాక్కునే అసలైన బ్యాక్‌డోర్లు బయల్దేరాయి. సోనీ ఇచ్చిన తొలగింపు సాధనం ఇంకో కన్నం తెరుస్తోందని పరిశోధకులు పట్టుకున్నారు. చివరికి నవంబరులో సంస్థ సీడీలని వెనక్కి పిలిపించింది.

దాగినదాన్ని పట్టాలంటే, అది నిద్రలేవకముందే డిస్కుని చూడాలి. ఆ పని చేసేదే ఆఫ్‌లైన్ స్కాన్. విండోస్‌తో వచ్చే డిఫెండర్‌లోనే ‘స్కాన్ ఆప్షన్స్’ కింద అది ఉంటుంది. నొక్కితే కంప్యూటర్ రీస్టార్ట్ అయి, మామూలు విండోస్ లేవకుండా వేరే చిన్న వ్యవస్థ లేచి, పావుగంటలో డిస్కుని వెతుకుతుంది. దాచే డ్రైవర్ ఆ సమయంలో నడవదు కాబట్టి దాచలేదు. ఇంత మంచి సదుపాయం చేతిలో ఉంచుకుని జనం ఊరూపేరూ లేని క్లీనర్లు దింపుకోవడం నాకు వింతగానే ఉంటుంది.

క్లీనర్ అన్నాం కాబట్టి, ఊరూపేరూ ఉన్నదాని గొడవ కూడా చెప్పాలి. సీసీక్లీనర్ కోట్లమంది వాడిన ప్రోగ్రాం. 2017 ఆగస్టు 15 నుంచి సెప్టెంబర్ 12 వరకు, దాని అధికారిక సైటు నుంచి దిగిన 5.33 వెర్షన్‌లో బ్యాక్‌డోర్ ఉంది. తయారీ దశలోనే ఎవరో చొరబడి కలిపేశారు. సంస్థ డిజిటల్ సంతకం యథాతథంగా ఉంది. సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలోకి వెళ్లింది. అది లేవగానే 601 సెకన్లు ఊరికే కూర్చునేది, కొద్ది నిమిషాలే గమనించి వదిలేసే తనిఖీ యంత్రాల కళ్లు కప్పడానికి. ఆ తర్వాత, వాడుతున్న ఖాతాకి అడ్మినిస్ట్రేటర్ హక్కులు లేవని తెలిస్తే తనంతట తానే ఆగిపోయేది. ఇంట్లో రోజువారీ పనికి మామూలు ఖాతా, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రమే అడ్మిన్ ఖాతా పెట్టుకొమ్మని చాదస్తంగా చెప్పే మాటకి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆ లక్షల కంప్యూటర్లలో రెండో దశ మాల్వేర్ చేరింది పెద్ద టెక్నాలజీ కంపెనీలకి చెందిన నలభై యంత్రాలకే. మిగతావాళ్లంతా వలలో పడ్డ చిన్న చేపలు.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌కైతే ఇంత తతంగం కూడా అక్కర్లేదు. ‘ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి’ అని దాంతోపాటు వచ్చే టెక్స్ట్ ఫైల్లోనే రాసి ఉంటుంది, మనవాళ్లు బుద్ధిగా ఆపుతారు.

ఏ యాంటీవైరసూ పట్టని రకం ఇంకోటుంది. బ్యాంకు కేవైసీ అని ఫోన్ చేసి ఎనీడెస్క్ వేయిస్తారు. అది మాల్వేర్ కాదు, లక్షల ఆఫీసుల్లో వాడే మంచి సాధనం. కానీ అందులో ‘అనటెండెడ్ యాక్సెస్’ అనే పాస్‌వర్డ్ పెట్టుకుని వెళ్లిపోతే, ఫోన్ పెట్టేశాక కూడా ఎప్పుడైనా లోపలికి రావచ్చు. పెద్దవాళ్ల కంప్యూటర్ చూడాల్సి వచ్చినప్పుడు నేను ముందు వెతికేది ఇలాంటివే: ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితాలో ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి, ఎవరు వేశారో ఎవరికీ గుర్తులేనివి.

సరే, దొరికింది. ఏం చేయాలి? వైఫై ఆపడం, కేబుల్ పీకడం మొదటి పని. ఆ వెంటనే వేరే పరికరం నుంచి పాస్‌వర్డ్‌లు మార్చాలి, ముందు ఈమెయిల్‌ది. సోకిన కంప్యూటర్లోనే కూర్చుని మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా అవతలికి చేరుతుంది. బ్రౌజర్ దాచుకున్న లాగిన్ కుకీలు దొంగిలించినవాడికి పాస్‌వర్డ్‌తోనూ, ఓటీపీతోనూ పనిలేదు కాబట్టి ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ అనేది తప్పక నొక్కాలి. మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడటం చాలామంది మరిచిపోతారు. మీకొచ్చే ప్రతి మెయిల్ నకలు ఇంకొకరికి వెళ్లేలా అక్కడ ఒక్క వరస పెట్టి ఉంటే, కంప్యూటర్ ఎంత కడిగినా లాభం లేదు.

తర్వాత ఆఫ్‌లైన్ స్కాన్. మన ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా ఉచితంగా తొలగింపు సాధనాలు ఇస్తోంది. షార్ట్‌కట్ వైరస్ లాంటి పాత, పేరున్న వాటికి ఇవి సరిపోతాయి. అయితే బ్యాక్‌డోర్ అడ్మిన్ హక్కులతో కొన్ని వారాలు నడిచిందని తెలిస్తే, ‘స్కాన్‌లో పోయింది’ అనే మాటతో నేను తృప్తిపడను. దొరికింది ఒక ఫైలు. ఆ దారిన వచ్చిన మనిషి ఇంకేం పెట్టిపోయాడో దాని వల్ల తెలియదు. అలాంటప్పుడు వేరే కంప్యూటర్లో విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని, డిస్కులోని పార్టిషన్లన్నీ చెరిపి, మొదటి నుంచి వేసుకోవడమే మేలు. అసలు లైసెన్సు ఉన్న విండోస్ 10, 11 అయితే నెట్ తగలగానే తనే యాక్టివేట్ అవుతుంది. ఫొటోలు, పాటలు, టెక్స్ట్ ఫైళ్లు వెనక్కి తెచ్చుకోవచ్చు. ప్రోగ్రాములు, ఇన్‌స్టాలర్లు, స్క్రిప్టులు, మాక్రోలున్న ఎక్సెల్ షీట్లు వద్దు. ఇంట్లో తిరిగే పెన్‌డ్రైవ్‌లన్నీ కూడా ఆ రోజే చూడాలి, లేకపోతే వారం తిరక్కుండా పాత చుట్టం మళ్లీ దిగుతుంది.

డిస్కు చెరిపినా పోనివీ ఉన్నాయి. 2018లో ఈసెట్ సంస్థ బయటపెట్టిన లోజాక్స్ మదర్‌బోర్డు మీది యూఈఎఫ్ఐ చిప్‌లో కూర్చుంటుంది. కానీ అది ప్రభుత్వ సంస్థల మీద గూఢచర్యం చేసే ముఠాల సరుకు. మామూలు ఇంటి కంప్యూటర్‌కి దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

చెరపకూడని సందర్భం ఒకటుంది. బ్యాక్‌డోర్ అంటే ఫైళ్లు ఎత్తుకుపోవడమనే మనకి తోస్తుంది. ఎత్తుకుపోగలిగినవాడు తెచ్చి పెట్టగలడు కూడా. భీమా కోరేగావ్ కేసులో నిందితులలో ఒకరి ల్యాప్‌టాప్ డిస్కు నకలుని పరిశీలించి అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. 2016 జూన్‌లో, అదే కేసులో నిందితుడైన తెలుగు కవి వరవరరావు ఈమెయిల్ ఖాతా నుంచి ఎవరో పంపిన అటాచ్‌మెంట్ తెరవడంతో నెట్‌వైర్ అనే బ్యాక్‌డోర్ ఆ ల్యాప్‌టాప్‌లో చేరిందని, 22 నెలలకు పైగా అది బయటివారి చేతిలో ఉందని, సాక్ష్యంగా చూపిన ఉత్తరాలు ఆ దారిలోనే వచ్చి దాచిన ఫోల్డర్లో చేరాయని ఆ నివేదిక అంటోంది. జాతీయ దర్యాప్తు సంస్థ దీన్ని అంగీకరించలేదు. నివేదికలో నన్ను ఆపింది ఒక చిన్న వివరం. ఉత్తరాల్లో కొన్నిటిని వర్డ్ 2010, 2013 వెర్షన్లతో పీడీఎఫ్‌గా మార్చినట్టు ఆ ఫైళ్లలోనే ఉంది. ల్యాప్‌టాప్‌లో వర్డ్ 2007 తప్ప అంతకన్నా కొత్తది వాడిన ఆనవాళ్లు లేవని పరిశీలకులు రాశారు.

డిస్కు ఉన్నది ఉన్నట్టు మిగిలింది కాబట్టే ఇలాంటివి చదవగలిగారు. కాబట్టి డబ్బు పోయినా, బెదిరింపు వచ్చినా, మీవి కాని ఫైళ్లు కనిపించినా ఫార్మాట్ కొట్టకండి. కంప్యూటర్ని నెట్‌కి దూరంగా ఉంచి 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు ఇవ్వాలి. అర్జెంటుగా పని ఉంటే కొత్త ఎస్ఎస్‌డీ కొని అందులో విండోస్ వేసుకోండి. పాతది విప్పించి, తేదీ రాసిన కవరులో పెట్టి, ఇంకే కంప్యూటర్‌కీ తగిలించకుండా దాచండి.